రంగం పోయినోళ్లు – 7: మనీయార్డరు కూపను మీది అడ్రసు

పోయిన భాగం చదివి చాలామంది మిత్రులు ఒకటే అడిగారు: "సార్, భద్రాచలం అడివంచు మాలపల్లెకూ బర్మాకూ ఏం సంబంధం?"

గోదావరే సంబంధం. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అంతకు ముందు తూర్పుగోదావరి. బ్రిటిష్ కాలంలో ఈ ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ, ఎదురుగా బూర్గంపాడు ఒడ్డు నిజాం రాజ్యం. మా పల్లె ఈ ఒడ్డుది. పడవెక్కితే రాజమండ్రి, అక్కణ్ణుంచి కాకినాడ రేవు, రేవులో రంగూన్ స్టీమరు. మనవాళ్ల నోట రంగూన్ అంటే "రంగం".

మా నాయనమ్మ వాళ్ల అయ్య అట్లా పోయినవాడే. ఆమె తల్లి కడుపులో ఉండగా పోయాడు, మళ్లీ రాలేదు. "రంగంలో మేస్త్రీ చేశాడు" అని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆనవాలుగా ట్రంకు పెట్టెలో ఒక మనీయార్డరు కూపను మిగిలింది. దాని మీద ఒక అడ్రసు ఉంది.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. క్లాసురూముల్లో రంగూన్ గురించి నేను విన్నది "రంగూన్ రౌడీ" అనే నాటకం పేరొక్కటే. మిగతాదంతా చరిత్ర పుస్తకాల్లో వెతుక్కున్నాను.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా మనవాళ్లే. మేస్త్రీలు ఊళ్లమీద పడి అడ్వాన్సులిచ్చి కూలీలను ఓడెక్కించేవారు. ఆ అప్పు కూలిలోంచి కోసుకునేవారు. రేవులో మూటలు, బియ్యం మిల్లులు, రిక్షాలు, వీధులు ఊడ్చే పని, పాకీ పని. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను అక్కడ "కోరంగీలు" అన్నారు. అది గౌరవంగా పిలిచే పేరు కాదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను పనిలో పెట్టుకుని, సమ్మె తీరాక వాళ్లను పొమ్మన్నాయి. పేదలు పేదల మీద పడ్డారు. వంద మందికి పైగా చచ్చిపోయారు.

2019 డిసెంబర్‌లో ఆ కూపను ఫొటో పట్టుకుని యాంగోన్ పోయాను. ముత్తాతను వెతకడం ఒక పని. రెండోది బుద్ధుడు. 1954 డిసెంబర్‌లో బాబాసాహెబ్ ప్రపంచ బౌద్ధ సమావేశానికి వచ్చింది ఈ నగరానికే. రెండేళ్లు తిరక్కముందే నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. ఆయన నడిచిన చోట నడిస్తే నాకూ ఏదో తెలుస్తుందనుకున్నాను.

అక్కడ పుట్టి పెరిగిన ఒక తెలుగు పెద్దాయన అడ్రసు చూశాడు. కాసేపు మాట్లాడలేదు. "ఇది మేస్త్రీలుండే చోటు కాదు బాబూ. మునిసిపాలిటీ పాకీవాళ్ల లైన్లు" అన్నాడు.

ఆ సాయంత్రం చెప్పులు విప్పి ష్వేడగాన్ పగోడా మెట్లెక్కాను. కులం అడిగినవాడు లేడు. ఏడుపొచ్చింది. కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. బర్మాలోనూ పగోడా బానిసలని తరతరాలుగా వెలివేసిన జనం ఉండేవారు. 1982 పౌరసత్వ చట్టం పూర్తి పౌరసత్వానికి 1823కి ముందు నుంచీ ఇక్కడున్న జాతుల లెక్క తీసింది. రోహింగ్యాలు ఏ దేశమూ లేనివాళ్లయ్యారు. తాతల కాగితాలు చూపమంటే పాకీవాడి మనవడు ఏం చూపిస్తాడు? బుద్ధుడి బొమ్మ ఉన్నంత మాత్రాన బుద్ధుడు ఉన్నట్టు కాదని ఆ మెట్ల మీదే అర్థమైంది.

ముత్తాత పేరు ఎక్కడా దొరకలేదు. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. దారిలో వేలమంది పోయారు. ఆయన అందులో ఒకడేమో.

ఇంటికొచ్చి నాయనమ్మకు ఎట్లా చెప్పాలా అని రెండు రోజులు నసిగాను. ఆమే అడిగింది: "ఏం దొరికిందిరా?"

చెప్పాను.

"నాకు తెల్వదా? మా అమ్మ చెప్పింది. మీకు బళ్లో సిగ్గయితదని మేస్త్రీ అన్నా. ఆ పైసలతోనే మా అమ్మ నన్ను సాకింది. సిగ్గెందుకురా?"

ఎనభై ఏళ్లు దాటిన మనిషి. మా కోసం ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోసింది. నేను సముద్రం దాటి తెచ్చిన నిజం ఆమె దగ్గర ఎప్పుడూ ఉంది. అడిగినవాళ్లం లేము.

తర్వాతి ఆదివారం నేలకొండపల్లి పోయాను. ఖమ్మానికి 20 కిలోమీటర్లుంటుంది. భద్రాచలం గుడి కట్టించిన రామదాసు పుట్టిన ఊరుగా దాన్ని అందరికీ తెలుసు. అదే ఊళ్లో ఇటుకల మహాస్తూపం ఉంది. జనం చాలాకాలం విరాటరాజు కథలు చెప్పుకున్న ఆ నేలలో బయటపడింది బుద్ధుడు. చిన్నప్పుడు బస్సులో ఆ దారిన ఎన్నిసార్లు పోయానో! ఒక్కసారీ దిగలేదు.

బర్మా పోయినందుకు బాధ లేదు. పోకపోతే కూపను మీది అడ్రసు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు మా అమ్మాయి అడిగితే, మీ తాతల తాత రంగూన్‌లో పాకీ పని చేశాడని, ఆ కష్టం మీదే మన ఇల్లు నిలబడిందని చెబుతున్నాను.

మీ ఇళ్లలోనూ "రంగం పోయిండు" అనే ముసలమ్మలుంటే ఈ రాత్రే పక్కన కూర్చోండి. అడగండి. రాసుకోండి.

వచ్చే భాగంలో 1942 నడక గురించి.

జై భీమ్.