తుప్పు పట్టని ఉక్కుకి తుప్పెందుకు పడుతుంది?

బైలదిలా కొండలు చూడని తెలుగువాళ్ళు కూడా ఆ కొండల రాయిని చూసే ఉంటారు. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే లైన్లో ఎదురయ్యే గూడ్సు బండ్లు మోసుకొచ్చే ఎర్ర రాయి అదే. బస్తర్‌లోని ఆ ఖనిజంలో 65 శాతానికి పైగా ఇనుమే. కానీ అది ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుము, హెమటైట్. ఒక్క మాటలో చెప్పాలంటే తుప్పుకి దగ్గరి చుట్టం. ప్రకృతిలో ఇనుము ఉండే తీరే అది. మనం కొలిమిలో బలవంతాన ఆక్సిజన్ని విడగొడితే, గాలీ తేమా దొరగ్గానే అది మళ్ళీ పాత స్థితికి పోతుంది. కనుక ఇనుముకి తుప్పెందుకు పడుతుంది అన్నది అసలు ప్రశ్న కాదు. కొన్నిటికి ఎందుకు పట్టదు అన్నదే ప్రశ్న.

ఇక్కడే మన ఉపన్యాసకులు ఢిల్లీ ఉక్కు స్తంభాన్ని తెచ్చి నిలబెడతారు. ఋషుల రహస్యమట, ఇప్పటి సైన్సుకి అందదట! దాదాపు 1600 ఏళ్ళ నాటి ఆ స్తంభం గొప్పదే, కాదనను. దాన్ని ఏళ్ళ తరబడి పరిశోధించిన కాన్పూర్ ఐఐటీ ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం కారణం విప్పి చెప్పారు. ఆనాటి వాళ్ళు బొగ్గుతో కరిగించేటప్పుడు సున్నపురాయి వేయలేదు. అందువల్ల భాస్వరం ఇనుములోనే మిగిలిపోయింది. ఆ భాస్వరం సాయంతో పైన పలచని ఫాస్ఫేట్ పొర ఏర్పడి కాపాడింది. దానికి ఢిల్లీ పొడి గాలి తోడైంది. 1961లో అడుగు తవ్వి చూస్తే, భూమిలో ఉన్న భాగానికి తుప్పు పట్టే ఉంది. మంత్రమైతే మట్టిలో పనిచేయదా?

రహస్యం ఋషులదన్నవాళ్ళు బొగ్గు కాల్చి తిత్తులు తొక్కినవాళ్ళ పేరెత్తరు. వాళ్ళు బస్తర్‌లోనూ, దానికి ఉత్తరాన మైకల్ కొండల్లోనూ మొన్నమొన్నటి దాకా ఉన్నారు. మైకల్ కొండల అగరియాల మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు. కొలిమిలో లోహాసురుడు ఉంటాడని వాళ్ళ నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఏ రాయి, ఎంత బొగ్గు, ఎంత గాలి అన్నది మాత్రం చేసి చూసి నేర్చుకున్నదే. ఆ విద్యని కొట్టింది కలియుగం కాదు. చవకైన ఫ్యాక్టరీ ఇనుము, అడవి చట్టాలు. బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలన్న ప్రతిపాదన 1910 నాటి భూంకాల్ తిరుగుబాటుకి ఒక కారణం. అడవి లేనిదే బొగ్గు లేదు, బొగ్గు లేనిదే కొలిమి లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు కథలోనూ పనిచేసేది పొరే. ఇనుములో క్రోమియం కలిపితే ఆమ్లాలకి తట్టుకుంటుందని ఫ్రాన్సులో బెర్తియే 1821లోనే గమనించాడు. 1892లో హాడ్‌ఫీల్డ్ అంతటి నిపుణుడు ఘాటైన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మాత్రమే పరీక్షించి, క్రోమియం వల్ల నష్టమేనని తేల్చాడు. పరీక్ష ఒక్కటే, తీర్పు అన్నిటికీ! 1913లో షెఫీల్డ్‌లో తుపాకీ గొట్టాల అరుగుదల మీద పనిచేస్తున్న హ్యారీ బ్రియర్లీ సుమారు 13 శాతం క్రోమియంతో పోత పోసి, వెనిగర్లో, నిమ్మరసంలో కూడా పెట్టి చూశాడు. మరకపడలేదు.

క్రోమియం 10.5 శాతం దాటితే ఉక్కు మీద కంటికి కనపడని క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడినా గాలి తగిలితే తిరిగి కట్టుకుంటుంది. దానికి శత్రువు క్లోరైడు, అంటే ఉప్పు, బ్లీచింగు, బాత్‌రూము యాసిడ్, విశాఖ సముద్రపు గాలి. పులుసు రాత్రంతా ఉంచిన గిన్నెలో చుక్కలు పడేది అందుకే. రెండో శత్రువు ఇనుప పీచు. దాని తునకలు గిన్నె మీద ఇరుక్కుని అవి తుప్పు పడతాయి, నింద గిన్నె మీదకొస్తుంది.

మరక పడితే వంటసోడా ముద్దతో, మెత్తని గుడ్డతో, మెరుగు గీతల వెంబడి రుద్దండి. పోకపోతే గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చెంచా నిమ్మ ఉప్పు కలిపి పావుగంట ఉంచి, కడిగి, తప్పకుండా తుడిచి ఆరబెట్టండి. బ్లీచింగునీ యాసిడ్‌నీ ఎన్నడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. గుంట పడితే మాత్రం ఏ పొడీ పూడ్చలేదు. కొట్లో అయస్కాంతం పరీక్ష కూడా నమ్మకండి. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకానికీ అయస్కాంతం అంటదు. నికెల్ లేని 430 రకానికి అంటుకుంటుంది, అదీ స్టెయిన్‌లెస్సే.

నేను లెక్కలు చూసిన ఒక డిపోలో తుప్పు పట్టిన సామాను కొట్టేసేటప్పుడు కారణం గడిలో "వాతావరణం" అని రాసేవాళ్ళు. గ్రీజు రాయాల్సినవాడు రాయలేదన్నదానికి ఆ కాగితంలో గడే లేదు.

బైలదిలాలో పెద్ద ఎత్తున తవ్వకం 1968లో మొదలైంది. నగర్నార్ ఉక్కు కర్మాగారం 2023లో ఉత్పత్తిలోకి వచ్చింది. కొండగావ్ లోహశిల్పులు మాత్రం ఇప్పుడు రాయి కరిగించరు. పాత ఇనుము కొనుక్కొచ్చి, కాల్చి సాగగొట్టి దీపాలూ జింకలూ చేసి, పైన వార్నిష్ పూసి అమ్ముతున్నారు.