ఖాళీ సీటు చరిత్ర

1943లో అమెరికా ప్రభుత్వం ఒక గోడపత్రికను ముద్రించింది. అందులో ఒక పెద్దమనిషి తన కారును తానే నడుపుకుంటూ వెళుతుంటాడు. పక్క సీటు ఖాళీగా ఉన్నట్టే తోస్తుంది. పరికించి చూస్తే అక్కడ రేఖామాత్రంగా గీసిన హిట్లర్ ఆకృతి కనబడుతుంది. ఒంటరిగా కారులో తిరిగేవాడు హిట్లర్‌ను వెంటబెట్టుకుని తిరుగుతున్నట్టేననీ, కనుక నేడే ఇతరులతో కారు పంచుకోవాలనీ దాని సారాంశం. చిత్రకారుడు వైమర్ పర్సెల్.

మీరు దీనిని పెట్రోలు పొదుపు ప్రచారమని భావించవచ్చు. నిజానికి ప్రధానమైన కొరత రబ్బరుది. అమెరికాకు కావలసిన సహజ రబ్బరులో సుమారు 90 శాతం ఆగ్నేయాసియా నుండి వచ్చేది. 1942 తొలి మాసాలలో మలయా, డచ్ ఈస్టిండీస్ జపాను వశం కావడంతో ఆ దారి మూసుకుపోయింది. టైర్లు అరగకుండా ఉండాలంటే కార్లు తక్కువ తిరగాలి. అందుకే 1942 డిసెంబరులో దేశమంతటా పెట్రోలుకు రేషను విధించారు. వేగాన్ని గంటకు 35 మైళ్ళకు, అనగా సుమారు 56 కిలోమీటర్లకు, పరిమితం చేశారు. పొరుగువారు ఒకే కారులో పనికి వెళ్ళడం దేశభక్తి అయింది.

1945 ఆగస్టులో పెట్రోలు రేషను తొలగింది. ఆ అలవాటూ సడలిపోయింది. జ్వరం తగ్గగానే మందు మానివేసే రోగులను చూసిన ఏ వైద్యునికీ ఇది ఆశ్చర్యం కలిగించదు.

రెండవ అవకాశం 1973 అక్టోబరులో వచ్చింది. అరబ్బు దేశాలు చమురు సరఫరాను నిలిపివేయగా పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. ఆ సంవత్సరమే మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో 3ఎం సంస్థ ఆరు వ్యాన్లతో తన ఉద్యోగులకు ఒక ఏర్పాటు చేసింది. ఉద్యోగులలో ఒకరే వ్యాను నడిపి తోటివారిని తీసుకువస్తారు. ఇది పైనుండి వచ్చిన పథకం. కాని నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఎవరూ పథకం వేయకుండా పుట్టిన మరొక పద్ధతి.

వాషింగ్టన్ నగరానికి వర్జీనియా వైపు నుండి వచ్చే షిర్లీ హైవేపై 1969 నుండి బస్సులకు ప్రత్యేక వరుసలు ఉండేవి. 1973 డిసెంబరులో నలుగురు లేక అంతకు మించి ఉన్న కార్లను కూడా వాటిలోకి అనుమతించారు. పక్క వరుసలో వాహనాలు నిలిచిపోయి ఉండగా ఈ వరుస సాఫీగా సాగిపోయేది. తగినంతమంది తోడు లేని కారు యజమానులు బస్‌స్టాపుల వద్ద ఆగి, అటే వెళ్ళేవారిని ఎక్కించుకోసాగారు. డ్రైవరుకు సమయం కలిసివచ్చింది, ఎక్కినవారికి ఛార్జీ మిగిలింది. ఎదుట నిలబడి కూడా బస్సు ఎక్కని ఈ జనాన్ని బస్సు డ్రైవర్లు ‘స్లగ్గులు’ అనసాగారని చెబుతారు. దొంగ నాణేనికి అది వాడుక మాట. కాలక్రమంలో కొన్ని మర్యాదలు స్థిరపడ్డాయి. డబ్బు ఇవ్వరాదు, తీసుకోరాదు. డ్రైవరు పలకరిస్తే తప్ప మాట కలపరాదు. స్త్రీని ఒంటరిగా వరుసలో విడిచి వెళ్ళరాదు. 1989లో నలుగురి నిబంధన ముగ్గురికి తగ్గినా ఆ పద్ధతి నిలిచింది.

దేశం మొత్తం మీద జరిగింది దీనికి విరుద్ధం. జనగణన లెక్కల ప్రకారం 1980లో ఉద్యోగానికి వెళ్ళేవారిలో 19.7 శాతం మంది కారు పంచుకునేవారు. 2010 నాటికి వారు 9.7 శాతమే. ఒంటరిగా వెళ్ళేవారు ఇదే కాలంలో 64.4 నుండి 76.6 శాతానికి పెరిగారు. పెట్రోలు చవక కావడం ఒక కారణం. నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. సాధారణ కార్‌పూల్‌లో రోజూ ఒకే మనుషులు, ఒకే వేళ. ఒకరికి ఆలస్యమైతే నలుగురికీ ఆలస్యం. స్లగ్గింగులో ఆ బంధం లేదు. ఉదయం ఒకరితో, సాయంత్రం మరొకరితో వెళ్ళవచ్చు.

ఇంతవరకు రబ్బరు, పెట్రోలు, కాలం గురించే చెప్పాను. శరీరం మాట రాలేదు. అందుకు లండన్ వెళ్ళవలసి ఉంటుంది. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు అక్కడి రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. డ్రైవరు పనివేళల్లో అధికభాగం కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు డ్రైవర్లలో గణనీయంగా ఎక్కువ. తొలి దాడిలోనే మరణించడమూ వారిలోనే ఎక్కువ. తరువాత యూనిఫారాల కొలతలు చూడగా డ్రైవర్ల నడుము కొలత కూడా పెద్దదని తేలింది. స్థూలకాయులే డ్రైవరు పనికి చేరారా అన్న న్యాయమైన సందేహాన్ని అది లేవనెత్తింది. అయినా శారీరక శ్రమ గుండెకు రక్షణ అన్న మాటను తరువాతి దశాబ్దాల పరిశోధనలు బలపరిచాయి. మోరిస్ స్వయంగా 99 ఏళ్ళు జీవించాడు.

కనుక కారు పంచుకుంటే రోడ్డుకూ గాలికీ మేలే గాని, మీ గుండెకు ఆ సీటూ ఈ సీటూ ఒకటే. బస్సు, మెట్రో అలా కావు. వాటి దాకా నడవాలి, మెట్లు ఎక్కాలి. ముక్కుమొహం తెలియనివారితో కలిసి వెళ్ళడం మనకు కొత్త కాదు. షేర్ ఆటోలు ఆ పని ఏనాటినుండో చేస్తున్నాయి. మీ అపార్టుమెంటు నుండి ఒకే దిక్కుకు వెళ్ళే ముగ్గురు ఉంటే, వారంలో రెండు రోజులు ఉదయం మాత్రమే కలిసి వెళ్ళండి. సాయంత్రం ఎవరి వీలు వారిది, మెట్రోలోనో బస్సులోనో తిరిగి రావచ్చు. ఎస్కలేటరు ఎదురైనా మోకాళ్ళు సహకరిస్తే మెట్లే ఎక్కండి. నడిచేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టుండి ఆగగానే తగ్గుతుంటే మాత్రం, ముందుగా వైద్యుని కలిసి పరీక్ష చేయించుకోండి.