మా నాయిన డప్పు గొంతు

డప్పుకు గొంతుంటదని మా నాయిన అనేవాడు. మేకతోలు, కట్టె వలయం, చింతగింజల జిగురు. ఇంతే దాని సరుకు. వానకు తడిస్తే మూలుగుతది, మంట మీద కాపితే ఖంగుమంటది. పొలంలో కలుపు తీస్తున్న మా అవ్వ తల ఎత్తకుండనే "సావు డప్పు, పక్కూరోళ్లది" అనేది. సావని దరువు చెప్పింది, సరే. ఎవరి డప్పో ఎట్ల తెలిసింది? గొంతును బట్టే.

సదువుకునే రోజుల్లో ఒక సంగీతం మాస్టారు "మృదంగానిది నాదం, డప్పుది చప్పుడు" అన్నాడు. పిల్లలు నవ్విండ్రు, నేను కూడా. ఆ తర్వాత హాస్టల్ పక్క నుంచి డప్పులు పోతుంటే కిటికీ మూసేవాణ్ణి.

ఆ చప్పుడు సంగతేందో చానా ఏండ్లకు పుస్తకాల్లో వెతికిన. ఒకే శ్రుతిలో మోగినా వేణువు వేరు, వీణ వేరు అని చెవి పోల్చుకునేది ఆ స్వరంలో కలిసున్న ఉపస్వరాల పాళ్లను బట్టి అని 1863లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ రాసిండు. మామూలు తోలు మీద ఆ ఉపస్వరాలు సరైన గుణిజాల్లో పడవు. మృదంగం నడుమ అంటించే నల్లముద్ద వాటిని గుణిజాల్లోకి తెస్తదని 1920లో సి.వి.రామన్ చూపిండు. అందుకే దానికి శ్రుతి వినబడుతది. అంతవరకే రామన్ లెక్క. శ్రుతి లేనిది తక్కువది అన్న లెక్క ఊరిది.

ఇంకో ముచ్చట. వాయిద్యాల స్వరాలకు మొదలు కత్తిరించి వినిపిస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టమైందని 1964లో అమెరికాలో ఒక ప్రయోగం తేల్చింది. తొలి క్షణంలోనే చెవి చానా పట్టుకుంటదన్నమాట. సిర్ర పడ్డ ఆ క్షణంలోనే కదా డప్పు బతుకంతా! మా అవ్వకు ఏ ప్రయోగమూ అక్కరలేకపోయింది.

అసలు మృదంగం మాత్రం ఎవరి చేతిది? ఆవు, బర్రె, మేక తోళ్లు లేకుండ అది లేదు. తమిళనాట దాన్ని చేసేవాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులని టి.ఎం.కృష్ణ 2020లో పుస్తకమే రాసిండు. విద్వాంసుడు అడిగిన నాదం వచ్చేదాకా తోలు బిగించి, తట్టి, విని, మళ్లీ బిగించేది వాళ్లే. ఆ చెవికి మాత్రం కచేరీలో కుర్చీ లేదు.

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా మా దిక్కుకు వచ్చినంక, సిగ్గుపడ్డ పిల్లలే డప్పు సంకకేసుకున్నరు. పట్నం మీటింగులో వందల డప్పులు ఒక్కసారి లేచినయ్. మా నాయిన ఆ గుంపులోనే ఉన్నడు. కండ్లు మూసుకొని చానాసేపు విన్న. ఆయన డప్పేదో నాకు దొరకలే.