రాజవైద్యుడు తడిమిన పూసలు

షుగరు గురించి మన మగవాళ్లు డాక్టరు దగ్గర అరగంట మాట్లాడతారు. పైల్స్ సంగతైనా గొంతు తగ్గించి చెప్పేస్తారు. అంగం స్తంభించినప్పుడు ఒక పక్కకు వంగుతోందనీ, తడిమితే లోపల ఏదో గట్టిగా తగులుతోందనీ చెప్పడానికి మాత్రం నోరు రాదు. తలుపు గడియ పెట్టుకుని రోజుకు పదిసార్లు తామే తడిమి చూసుకుంటారు. ఈ జబ్బు చరిత్ర చదువుతుంటే నాకు తోచింది ఒక్కటే. నాలుగు శతాబ్దాలుగా వైద్యులు గడ్డను చూస్తూ వచ్చారు. గడియ వేసుకున్న ఆ మనిషి వాళ్ల కంట పడింది మొన్నమొన్ననే.

1587లో ఇటలీలోని బొలోన్యాకు చెందిన శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు జూలియో చేజరే అరాంజీ ఈ లక్షణాలను రాసిపెట్టాడు. అంగం మామూలుగా ఉన్నప్పుడు చిక్కుడు గింజంత గడ్డ చేతికి తగులుతుందట, స్తంభించినప్పుడు పొట్టేలు కొమ్ములా వంకర తిరుగుతుందట. ఇంత చక్కగా గమనించినవాడు, అతిగా సంభోగించేవాళ్లకే ఇది వస్తుందని కూడా రాశాడు. రోగిని దోషిగా నిలబెట్టే ఆ మాట ఇంకా పోలేదు. కుర్రతనంలో చేసిన తప్పుకు ఇది శిక్ష అని లోలోపల కుమిలిపోయేవాళ్లు నేటికీ ఉన్నారు.

జబ్బుకు పేరిచ్చినవాడు మరో నూట యాభై ఏళ్లకు వచ్చాడు. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో 1678లో పుట్టిన ఫ్రాన్స్వా జిగో ద లా పేరోనీ, పదిహేనో లూయీ రాజుకు ప్రధాన శస్త్రవైద్యుడయ్యాడు. ఆ రోజుల్లో శస్త్రవైద్యులకూ క్షురకులకూ ఒకటే సంఘం. మన పల్లెల్లోనూ చాలాకాలం గడ్డ కోసింది క్షురకులే కదా. 1731లో పారిస్‌లో శస్త్రవైద్యుల అకాడమీ ఏర్పడడం వెనకా, 1743లో రాజశాసనం ఆ రెండు వృత్తులనూ విడదీయడం వెనకా పేరోనీ పలుకుబడి ఉంది. అదే 1743లో అకాడమీ వెలువరించిన తొలి సంపుటంలో, వీర్యం సరిగా బయటికి రాకుండా అడ్డుపడే కారణాల మీద ఆయన వ్యాసం వచ్చింది. అంగం పొడవునా జపమాల పూసల్లా తగిలే గట్టి కణుపుల ప్రస్తావన అందులోదే. వైద్యంగా పిరెనీ కొండల్లో బారేజ్ అనే ఊళ్లో ఊరే గంధకపు వేడినీళ్లను సూచించాడు. ఆ నీళ్లకు వంపు తిన్నబడుతుందని ఇప్పుడు ఎవరూ అనరు. పేరు మాత్రం పేరోనీ వ్యాధిగా స్థిరపడింది.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? అంగంలో రక్తం నిండే రెండు గొట్టాల చుట్టూ ట్యూనికా అల్బుజీనియా అనే దట్టమైన, సాగే పొర ఉంటుంది. ఆ పొరకు చిన్నచిన్న దెబ్బలు తగులుతాయి, చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. అవి మానేటప్పుడు కొందరిలో కొలాజెన్ అతిగా పేరుకుని మచ్చ కడుతుంది. మచ్చ సాగదు. సైకిల్ ట్యూబుకు ఒక పక్క పెద్ద ప్యాచీ అతికించి గాలి కొట్టి చూడండి, ప్యాచీ ఉన్న వైపుకే వంగుతుంది. ఇదీ అంతే. ఇది క్యాన్సర్ కాదు, అంటువ్యాధీ కాదు. ఫ్రెంచి వైద్యుడు ద్యూపీట్రెన్ పేరు మీదున్న జబ్బులో అరచేతిలో తాడులా మచ్చ కట్టి వేళ్లు ముడుచుకుంటాయి. ఆ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి ఈ వంపూ కనిపిస్తుంది. రెండూ దగ్గర చుట్టాలే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ మచ్చ మీద ప్రయోగించనిది లేదు, రేడియేషన్‌తో సహా. 1940ల చివర విటమిన్ ఇ వచ్చింది. ధర తక్కువ, హాని కనిపించదు. దాంతో రెండు తరాల డాక్టర్లు రాసిచ్చారు. చివరికి 2015లో అమెరికన్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు దాన్ని ఇవ్వొద్దని తేల్చాయి. మందుల షాపుల్లో ఇంకా నడుస్తూనే ఉంది, అది వేరే సంగతి.

నిజంగా దారి మళ్లించింది కత్తి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రీడ్ నెస్బిట్ 1965లో, పుట్టుకతో వచ్చే వంపుకు ఒక ఉపాయం చెప్పాడు. పొట్టి అయిన వైపును పొడిగించడం కష్టం కాబట్టి, పొడవుగా ఉన్న వైపున కొంచెం కోసి కుట్టేస్తే తిన్నబడుతుంది. తర్వాత దాన్నే పేరోనీకీ వాడారు. పొడవు కాస్త తగ్గుతుందన్న మాట రోగికి ముందే చెప్పాలి. చెప్పని చోట తిన్నబడినా తృప్తి లేదు. కొలాజెన్‌ను కరిగించే ఎంజైము ఇంజెక్షన్ మీద ప్రయోగాలు 1980లలో మొదలై, 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి దాకా వచ్చాయి. 832 మంది మీద జరిపిన పరీక్షల్లో వంపు సగటున 34 శాతం తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలోనూ 18 శాతం తగ్గడం గమనించాలి. అంగం లోపలి పొర చిట్లే ప్రమాదం ఉందన్న హెచ్చరిక ఆ మందు సమాచార పత్రంలో గడి కట్టి మరీ ఉంటుంది.

అంకెలు ఇక్కడ ధైర్యాన్నిస్తాయి. జర్మనీలోని కొలోన్ నగరంలో చేసి 2001లో ప్రచురించిన సర్వేలో నూటికి ముగ్గురు మగవాళ్లలో ఈ గడ్డ ఉన్నట్టు తేలింది. డెబ్బై దాటినవాళ్లలో ఆరుగురికి పైనే. మన ఊరి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషుల్లో ఎందరికో లెక్క వేసుకోవచ్చు. ఏ వైద్యమూ చేయకుండా 246 మందిని గమనించిన అమెరికా పరిశీలన 2006లో వచ్చింది. అందులో వంపు తగ్గింది 12 శాతానికే, 40 శాతానికి అలాగే నిలిచింది, 48 శాతానికి పెరిగింది. నొప్పి ఉన్నవాళ్లలో మాత్రం 89 శాతానికి అది పూర్తిగా పోయింది. అంటే వంపు మిగిలినా, నొప్పి ఎక్కువమందిని వదిలేస్తుంది.

మరి గడ్డా వంపూ లేకుండానే నొప్పి వదలని వాళ్ల సంగతి? వాళ్ల కథ వేరే తోవలో నడిచింది. వృషణాలకూ మలద్వారానికీ మధ్య నొప్పి, అంగం కొసన మంట, కూర్చుంటే ఎక్కువవడం. ఇవన్నీ చెబితే దశాబ్దాల పాటు పడ్డ ముద్ర ప్రోస్టేట్ వాపు. దానికి కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్స్. 1968లో మియర్స్, స్టేమీ అనే వైద్యులు మూత్రాన్ని దశలవారీగా పట్టి పరీక్షించే పద్ధతి తెచ్చాక తెలిసిందేమిటంటే, ఎక్కువమందిలో సూక్ష్మక్రిమే లేదు. 1990ల చివర అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వర్గీకరణలో దీనికి దీర్ఘకాలిక కటి నొప్పి అని విడిగా చోటు దక్కింది.

నొప్పికి కండరాలు కారణం కావచ్చన్న మాట అంతకుముందే ఉంది. తోకఎముక నొప్పికి ఆ చుట్టుపక్కల కండరాలే కారణమని జార్జ్ థీల్ 1937లో రాసి, లోపలినుంచి మర్దన చేశాడు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ కాన్పు తర్వాత వదులైన స్త్రీల కటి కండరాలకు బిగింపు వ్యాయామాలు చెప్పాడు. ఆయన పేరు ఇంటింటా మోగింది. ఇబ్బందల్లా ఇక్కడే వచ్చింది. నొప్పి ఉన్న మగవాడి కండరాలు తరచుగా వదులై కాదు, ముందే బిగుసుకుని ఉంటాయి. అతనికి కెగెల్ చెప్పినా, మన యోగా గురువులు మూలబంధం చెప్పినా పుండు మీద కారం చల్లడమే. అతను నేర్వాల్సింది బిగించడం కాదు, వదలడం. 1990ల మధ్య స్టాన్‌ఫోర్డ్‌లో యూరాలజిస్టు రోడ్నీ యాండర్సన్, మనస్తత్వవేత్త డేవిడ్ వైజ్ కలిసి ముడిపడ్డ కండరాలను వేలితో సడలించడం, ఒంటిని వదులు చేసే సాధన జోడించి వైద్యం మొదలుపెట్టారు. 47 మందితో చేసి 2009లో వెలువరించిన చిన్న పరీక్షలో, కటి కండరాల ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లలో 57 శాతానికి గుణం కనిపించింది. మామూలు మసాజ్ పొందినవాళ్లలో అది 21 శాతం.

ఈ రెండు తోవలూ కలిసేది గడియ వేసుకున్న గదిలోనే. గడ్డ ఉందో లేదో తెలియదు, భయం మాత్రం ఉంది. భయానికి కటి బిగుస్తుంది, బిగువుకు నొప్పి, నొప్పికి మళ్లీ తడమడం. పేరోనీ రోగుల్లో దాదాపు సగం మందికి కుంగుబాటు ఉందని 2008లో ఒక అధ్యయనం చూపింది. అంటే, పేరోనీ వ్యాసం తర్వాత 265 ఏళ్లకు మనిషి లెక్కలోకి వచ్చాడు! మన దగ్గర ఆ ఖాళీని నింపింది ఎవరు? బస్టాండు గోడల మీద గుప్తరోగాల పోస్టర్లు. భయాన్ని అమ్ముకోవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు.

అనుమానం ఉంటే ఇంట్లోనే స్తంభించినప్పుడు పైనుంచీ పక్కనుంచీ రెండు ఫొటోలు తీసుకుని యూరాలజిస్టుకు చూపించండి. నొప్పి కూర్చున్నప్పుడా, స్తంభించినప్పుడా అన్నదీ గుర్తుపెట్టుకుని చెప్పండి. అవసరమైతే ఆయన స్కాన్ చేస్తారు. సంభోగంలో టప్పుమని శబ్దం వచ్చి, వాచి, కమిలితే మాత్రం ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. మనసు మరీ కుంగితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.