ఎవరెస్ట్ కంటే ముందు పూర్ణ ఎక్కిన కొండ

ఈ ఎపిసోడ్ నస్రుల్లాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. మొన్న ఇక్కడ చాయ్ తాగుతుంటే డిగ్రీ చదివే పిల్లగాడు ఒకడు పట్టుకున్నాడు. "అన్నా, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిపించి, అదే ట్రిప్పుల ఒక చిన్న శిఖరం కూడ ఎక్కిస్తరంట. మన పూర్ణ డైరెక్టుగ ఎవరెస్టే ఎక్కింది గద, గా చిన్నది నేను ఎక్కలేనా?" అని.

అడగవలసిన ప్రశ్నే. కాకపోతే అందులో ఒక పొరపాటు ఉంది. పూర్ణ డైరెక్టుగా ఎవరెస్ట్ ఎక్కలేదు.

మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆ తాడ్వాయి, మా నస్రుల్లాబాద్ రెండూ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ మీద నిలబడింది. పేపర్లన్నీ ఆ ఒక్క రోజు గురించే రాశాయి. దాని వెనక నెలల తరబడి జరిగిన వడపోత ఎవరికీ గుర్తు లేదు.

అప్పట్లో గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్. శిక్షకుడు శేఖర్‌బాబు. మొదట భువనగిరి గుట్ట మీద వందకు పైగా పిల్లలకు రాతి ఎక్కుడు నేర్పారు. వాళ్లలో 20 మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. వాళ్లలో 9 మందిని చలికాలంలో లద్దాఖ్ తీసుకెళ్లారు. ఆఖరికి మిగిలింది ఇద్దరు.

నేను ఆగి చెప్పాలనుకునేది డార్జిలింగ్ మెట్టు గురించి. అక్కడ కోర్సు అంటే క్లాసు రూములో కూర్చోవడం కాదండీ. సిక్కింలో యుక్సం అనే ఊరి దగ్గర నడక మొదలుపెడతారు. బాఖిం, ఛోకా, జోంగ్రి మీదుగా, వీపున బరువు వేసుకుని, రోజుకింత చొప్పున పైకి పోతారు. సుమారు 14 వేల అడుగుల ఎత్తున చౌరీఖాంగ్‌లో బేస్ క్యాంప్. దగ్గర్లోని రాథోంగ్ హిమానీనదం మీద తాడు, ఐస్ ఆక్స్, బూటుకు కట్టుకునే ఇనుప ముళ్లు (వాటినే క్రాంపాన్లు అంటారు) వాడటం నేర్పుతారు. అదంతా అయ్యాక సుమారు 17 వేల అడుగుల రెనాక్ శిఖరం. పూర్ణ బ్యాచ్ పిల్లలు ఎక్కిన మొదటి హిమాలయ శిఖరం అదే. అంటే ఆ పిల్లగాడు చెప్పిన ప్యాకేజీ ఏదైతే ఉందో, పొడుగు నడక, చివర ఒక చిన్న శిఖరం, అది ఆ పిల్లలు బడిపాఠంగా చేసేశారన్నమాట.

ఈ పద్ధతి టూర్ కంపెనీలు కనిపెట్టింది కాదు. 1953లో బ్రిటిష్ బృందం ఎవరెస్ట్‌కు వెళ్తూ ముందు చుట్టుపక్కల చిన్న కొండల మీద ఒళ్లు అలవాటు చేసుకుంది. అలా ఎక్కినదే ఐలాండ్ పీక్. ఎక్కినవాళ్లలో చార్లెస్ ఎవాన్స్‌తో పాటు టెన్సింగ్ నోర్గే కూడా ఉన్నాడు. అదే మేలో జిమ్మీ రాబర్ట్స్ అనే సైనికాధికారి ఆ బృందానికి ఆక్సిజన్ సిలిండర్లు చేర్పించి, తన దారిన తాను పోయి, 20వ తేదీన సెన్ టెన్సింగ్‌తో మేరా పీక్ ఎక్కాడు. ఎవరెస్ట్ విజయానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు! తర్వాత 1960లలో నేపాల్‌లో డబ్బు తీసుకుని ట్రెక్కింగ్ నడపడం మొదలుపెట్టింది కూడా ఈ రాబర్ట్సే. 1978లో నేపాల్ 18 శిఖరాలను "ట్రెక్కింగ్ పీక్" అని విడిగా పెట్టింది. ఐలాండ్, మేరా రెండూ అందులోవే. టెన్సింగ్ అయితే 1954లో పెట్టిన డార్జిలింగ్ సంస్థలో శిక్షణ విభాగానికి డైరెక్టర్ అయ్యాడు. మన పిల్లలు వెళ్లింది ఆ బడికే.

ఇక ఒంటి సంగతి. మనం ఉండేది సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తు కూడా లేని నేల. ఐదున్నర వేల మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగం. అందుకే 3 వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. మధ్యలో విశ్రాంతి రోజులు ఉండాలి. నామ్చేలో, డింగ్‌బోచేలో ఒక్కో రోజు ఆగేది ఫొటోల కోసం కాదు. బేస్ క్యాంప్ దాకా అలా నడిచినవాడి ఒళ్లు అప్పటికే సిద్ధమై ఉంటుంది. ఆ అలవాటు దిగాక కొన్నాళ్లకు పోతుంది కాబట్టి అదే ట్రిప్పులో శిఖరం కలుపుతారు. లెక్క అంతే.

కానీ నడక నేర్పనిది ఒకటుంది. ఐలాండ్ పీక్ చివర్లో నిటారు మంచు గోడ ఉంటుంది. తాడుకు జుమార్ తగిలించుకుని, క్రాంపాన్లు గుచ్చుకుంటూ ఎక్కాలి. తెల్లవారుజామున, చలిలో, ఆరు వేల మీటర్లు దాటిన చోట. ముందురోజు బేస్ క్యాంప్‌లో రెండు గంటలు తాడు చూపించి "బిగినర్స్ పీక్" అంటే నేనైతే నమ్మను. దిగేటప్పుడు తాడు మార్చుకోవడం తెలియక ప్రాణం మీదకి తెచ్చుకోవచ్చు. మొదటిసారి అయితే మేరా నయం. మామూలు దారిలో ఎక్కువ భాగం మంచు మీద నడకే, కాకపోతే ఎత్తు ఎక్కువ, 6,476 మీటర్లు.

ఇదంతా విన్నాక వాడు, "మరి నన్ను ఏడికెళ్లి షురూ చెయ్యమంటవ్?" అన్నాడు. భువనగిరి అన్నాను. "నేపాల్ అడిగితే భోనగిరి అంటవేందే అన్నా" అని నవ్వి, బస్సు ఛార్జీ ఎంతవుతుందో అక్కడే అడిగాడు.