కాలువ మిగులు – నగరపు అద్దె

కోస్తా జిల్లాల సాంస్కృతిక చరిత్రను వివరించేవారు ధవళేశ్వరం ఆనకట్టను తలచుకోకుండా ముందుకు పోరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం కరువుసీమను అన్నపూర్ణగా మార్చిందని మా బడిపిల్లలు కూడా వ్యాసం రాస్తారు. నిజమే. అయితే ఆ పంట మీద వచ్చిన మిగులు ఎక్కడికి పోయింది, ఏ పట్నాలను పెంచింది, ఆ పట్నాల్లో కూలివాడు తలదాచుకోడానికి ఎంత చెల్లించుకున్నాడు అనే ప్రశ్న మన విమర్శలో అరుదుగా వినిపిస్తుంది.

నేను పాఠాలు చెప్పే ఉంగుటూరు ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ ఉంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నీరు అందుకున్న ఏలూరు కాలువ, ఏలూరులో కృష్ణా కాలువతో కలుస్తుంది. రైలు రాకముందు ధాన్యం పడవలు ఆ దారినే సాగేవి. 1890లలో రైలు వచ్చింది. 1900లో రాజమండ్రి వద్ద గోదావరి మీద వంతెన పూర్తయింది. అప్పటికే తివాచీలకు పేరుపడ్డ ఏలూరుకు జూటుమిల్లు వచ్చింది, 1925లో జిల్లా కేంద్రమై కచేరీలూ కోర్టులూ వచ్చాయి. కొనేవాడూ అమ్మేవాడూ అప్పిచ్చేవాడూ ప్లీడరూ ఒకేచోట చేరితే ఒకరి పని మరొకరికి పని పుట్టిస్తుంది. పల్లెలో లేని కూలి రేటు పట్నంలో దొరకడానికి కారణం ఇదే తప్ప పట్నవాసుల ఔదార్యం కాదు. కాని మనుషులు పెరిగినట్టు నేల పెరగదు. పెరిగిన కూలిలో ఒక వంతు, ఒక్కొక్కప్పుడు పెద్ద వంతు, స్థలం యజమాని జేబులోకి పోతుంది. పట్నాలు విస్తరించినప్పుడు నడిబొడ్డున నేల ధర పెరిగి, శ్రామికుల ఇళ్లు కూలి దుకాణాలు లేస్తాయనీ, శ్రామికులు ఊరి అంచులకు నెట్టబడతారనీ ఎంగెల్స్ 1872లోనే గృహసమస్యపై రాసిన వ్యాసాల్లో చూపించాడు.

ఇంత మిగులున్న గోదావరి డెల్టా తనదంటూ ఒక మహానగరాన్ని ఎందుకు పెంచుకోలేదు? ధాన్యానికి దగ్గరలోనే మిల్లు ఉండాలి గనక మిల్లులు గూడెం, నిడదవోలు, భీమవరం అంటూ చిన్న పట్నాల్లో చెదిరిపోయాయి. పెద్ద డబ్బు మాత్రం మద్రాసు దారి పట్టింది. అక్కడి తెలుగు సినిమా స్టూడియోలలో కృష్ణా, గోదావరి భూముల సొమ్ము ఎంత ఉందో చలనచిత్ర చరిత్ర తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1953లో మద్రాసు లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956లో హైదరాబాదు రాజధాని అయింది, సొమ్ము అటు మళ్లింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కల నేల మీద పడ్డ డబ్బులో వరిచేల వాసన పట్టేవాడు పట్టగలడు.

డబ్బుతోపాటు మనుషులూ పోయారు. కొల్లేటి చుట్టూ 1970ల చివరి నుంచి వరిపొలాలు చేపల చెరువులయ్యాయి. ఎకరా ఊడ్పుకూ కోతకూ పట్టే ఆడకూలీలు ఎకరా చెరువుకు అక్కర్లేదు. భూమి ఉన్నవాడికి చెరువు లీజు వచ్చింది, లేనివాడికి రైలు టిక్కెట్టు వచ్చింది. ఒకే ఊరి నుంచి హైదరాబాదు చేరిన ఇద్దరిలో ఒకడు స్థలం కొన్నాడు, రెండోవాడు ఆ స్థలంలో లేచే మేడకు ఇసుక మోశాడు. నగరం ఇద్దరికీ ఆదాయం పెంచిందని గణాంకాలు చెబుతాయి. మొదటివాడికి అద్దె వస్తుంది, రెండోవాడు అద్దె కడతాడు. ఈ తేడా సగటు లెక్కల్లో కనపడదు.

మన కథకులు మొదటివాణ్ణి బాగానే పట్టుకున్నారు. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’లో పొలం పట్నపు మోజులో కరిగిపోయే క్రమం ఉంది. మధ్యతరగతి అద్దె ఇంటి అగచాట్లనూ మన కథ ఎరుగును. రెండోవాడి గది మాత్రం అంతగా రాలేదు. పట్నం మనిషిని చెడగొడుతుందనే నీతిదృష్టి మనకు అలవాటైపోయింది. పట్నం వాడి కూలిని ఎలా తిరిగి లాక్కుంటుందో చూడడానికి ఆ దృష్టి చాలదు.

2014 విభజన తరువాత అమరావతిలో ఈ కథ కాగితం మీదికే ఎక్కింది. 2015 నాటి భూసమీకరణలో భూమి ఇచ్చిన రైతుకు ఎకరానికి 1,000 గజాల నివాసస్థలం, దానిపై వాణిజ్యస్థలం, పదేళ్లపాటు ఏటేటా పెరిగే కౌలు అన్నారు. రైతులు ఆ మాట నెరవేరడానికి ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది, అది వేరే వ్యాసం. అదే పథకంలో సెంటు భూమి లేని కూలి కుటుంబానికి రాసింది నెలకు 2,500 రూపాయల పింఛను, పదేళ్లు. రాబోయే నగరపు నేలలో అడుగు స్థలం వాళ్ల పేర రాయలేదు. కట్టడాలు మొదలయ్యాక ఇటుకలు మోయడానికి పిలిచింది మాత్రం కూలివాళ్లనే.