మూసారాంబాగ్ పేరు వెనక ఉన్న ఫ్రెంచి సేనాని

హైదరాబాద్ మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ పక్కనే మూసారాంబాగ్ స్టేషన్ ఉంది కదా. ఆ మూసారాం ఎవరో తెలుసా? మొస్యూ రేమాన్. నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచి సేనాని. జనం నోట్లో పడి మూసారాం అయిపోయాడు. ఈ మధ్య 'మల్టీపోలార్ వరల్డ్' అని ఎవరైనా అంటే నాకు ఇతనే గుర్తొస్తాడు.

1790ల్లో దక్కన్ అచ్చం అలాగే ఉండేది. శ్రీరంగపట్నంలో టిప్పు, పుణెలో మరాఠాలు, మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ, వీళ్ల మధ్యలో హైదరాబాద్ నిజాం అలీ ఖాన్. 1792లో ముగ్గురూ కలిసి టిప్పుని ఓడించారు. మూడేళ్లు తిరిగేసరికి మరాఠాలు నిజాం మీదికే వచ్చారు. 1795లో ఖర్దా దగ్గర యుద్ధం. కంపెనీ ఏం చేసింది? తటస్థం అంటూ పక్కకి తప్పుకుంది. నిజాం ఓడిపోయాడు. ఆయన మంత్రి అరిస్తూ జా బందీగా పుణె వెళ్లాల్సి వచ్చింది.

మండిపోయిన నిజాం రేమాన్ సైన్యాన్ని పెంచాడు. అది 14 వేల దాకా చేరింది. అప్పుడు మాత్రం కంపెనీకి హైదరాబాద్ గుర్తొచ్చింది! 1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు, గవర్నర్ జనరల్ వెల్లస్లీకి ఫ్రెంచి భయం పట్టుకుంది. రేమాన్ అప్పటికే చనిపోయాడు. సెప్టెంబరులో ఒప్పందం, అక్టోబరులో యుద్ధమే లేకుండా ఫ్రెంచి దళం రద్దు. దాని స్థానంలో కంపెనీ సైన్యం వచ్చింది. ఖర్చు నిజాందే, ఏడాదికి 24 లక్షల రూపాయలకు పైమాటే.

1799లో టిప్పు యుద్ధంలో చనిపోయాడు. ఇక నిజాం బేరమాడటానికి ఇంకో గుమ్మం ఏది? 1800లో సైన్యం ఖర్చు కింద బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలు కంపెనీకి రాసిచ్చేశాడు. కంపెనీ అనుమతి లేకుండా వేరే రాజ్యాలతో మాట్లాడే హక్కు కూడా పోయింది.

నిజాం తప్పు చేశాడని నేను తేలిగ్గా అనలేను. ఎదిరించిన టిప్పు రాజ్యం పోయింది, సర్దుకున్న నిజాం గద్దె 1948 దాకా నిలిచింది. కానీ మూల్యం కట్టిందెవరు? ఆ సీమ జనం. వాళ్లని అడిగినవాడే లేడు. పైగా 'దత్త మండలాలు' అన్న పేరు నెత్తిన పడింది. 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అనుకునేదాకా దాన్ని మోశారు.

అందుకే పెద్ద దేశాల మధ్య ఒప్పందం వార్త కనిపించినప్పుడు నేను సంతకాలు ఎవరివో చూసి ఆగిపోను. బిల్లు ఎవరి పేరు మీద వస్తుందో వెతుకుతాను. మీరూ వెతకండి. మళ్లీ కలుద్దాం.